గడ్డి వాకిలికి గట్టు కట్టిన సంగతి

ఒంటారియో,
ఆదివారం.

అన్నయ్యకీ వదినగారికీ పద్మ నమస్కారాలు.

ఇక్కడ మేం ముగ్గురం కులాసాగా ఉన్నాం. మీ బావగారి ఆరోగ్యం బాగుంది, స్రవంతికి జలుబు తగ్గింది, నేను కాస్త ఒళ్ళు చేశాను. మీరంతా ఎలా ఉన్నారు? వదినగారి మోకాలి నొప్పి ఎలా ఉంది? ఏలూరు డాక్టరుగారు ఇచ్చిన మందు వాడుతున్నారా, కాస్త నెమ్మదించగానే మానేశారా? మానేసే ఉంటారు, ఆవిడ సంగతి నాకు తెలుసు. కాలవకి నీళ్ళు వదిలారా? నారు ఎంత ఎదిగింది? దమ్ముకి ఈసారి ట్రాక్టరు వేళకి దొరికిందా? అన్నిటికీ జవాబు రాయి. ఒక్కటి వదిలేసినా మళ్ళీ అడుగుతాను.

ఫోను ఉండగా ఈ ఉత్తరం ఏమిటని నవ్వుకుంటున్నావు కదూ. ఫోన్లో నువ్వు పొలం గట్టుమీద నిలబడి ట్రాక్టరు మోతలో ఆఁ ఆఁ అంటావు. నేను మాట పూర్తి చేసేలోపే సలహా చెప్పేస్తావు. ఇప్పుడు రాయబోయేది నీ సలహా గురించే. నువ్వు అడ్డు తగలకుండా మొదటినుంచి చివరిదాకా వినాలంటే కాగితం తప్ప నాకు వేరే దారి కనిపించలేదు. వదినగారూ, దీన్ని మీరే పైకి చదవండి. అన్నయ్య చేతికిస్తే తనకి నచ్చని చోట్లు దాటేస్తాడు. ఎవరికీ దెబ్బలు తగల్లేదు, ఎవరూ మంచాన పడలేదు, కాబట్టి కంగారు పడకుండా వినండి.

మేం ఉంటున్న ఇల్లు హెలెన్‌గారిదని ఇదివరకు చెప్పాను. ఆవిడ పక్కింట్లోనే ఒంటరిగా ఉంటారు. ఎనభైకి దగ్గర పడిన మనిషి, భర్త పోయి కొన్నేళ్ళయింది. కిందటేడు మేం ఈ ఊరికి వచ్చిన కొత్తల్లో ఇల్లు ఎవరూ ఇవ్వలేదు. ఇంతకుముందు ఈ దేశంలో ఎక్కడ ఉన్నారు, మీ గురించి చెప్పేవాళ్ళెవరు అని అడిగేవారు. మీ బావగారు ఇదివరకు పనిచేసిన తాడేపల్లిగూడెం బియ్యం మిల్లు యజమాని చెబుతారంటే ఎవరు ఒప్పుకుంటారు? మీ బావగారికి పిండిమిల్లులో ఉద్యోగం ఉంది గానీ తల దాచుకోవడానికి చోటు లేదు. హోటల్ గదిలో అన్నం వండుకోవడానికి వీల్లేక, రొట్టె తిని తిని స్రవంతి ఏడ్చేది. అప్పుడు హెలెన్‌గారు మమ్మల్ని ఇంట్లో కూర్చోబెట్టి టీ ఇచ్చి, అరగంట మాట్లాడి, సరే ఉండండి అన్నారు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు కళ్ళు తడుస్తాయి. ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే. వాకిట్లో లాన్ బాగా చూసుకోవాలి, అది వాళ్ళాయన పెంచింది.

ఏడాదికి ఒప్పందం. ఈ జూన్ నెలాఖరుతో ఆ గడువు అయిపోవాలి. స్రవంతి బడి మా వంటింటి కిటికీలోంచి కనిపిస్తుంది. చలికాలమంతా బడికి వెళ్ళనని మారాం చేసిన పిల్ల ఇప్పుడు ఇద్దరు స్నేహితుల్ని సంపాదించుకుని ఎగురుకుంటూ పోతోంది. మిల్లు బస్సు వీధి చివర ఆగుతుంది. ఈ ఇల్లు పోతే ఈ ఊళ్ళో మరో ఇల్లు లేదు. ఊరు మారాలి, బడి మారాలి, మీ బావగారి పని ఏమవుతుందో తెలియదు. ఈ మాట మనసులో పెట్టుకుని మిగతాది వినండి.

ఇక్కడివాళ్ళకి లాన్ అంటే ఏమిటో ముందు చెప్పాలి. మన వాకిట్లో గడ్డి మొలిస్తే దోకుడుపారతో చెక్కేసి, కళ్ళాపి చల్లి, అంచున బంతి మొక్కలు పెట్టుకుంటాం. వీళ్ళు వాకిలంతా గడ్డి పెంచి, అందులో పువ్వు పూస్తే పీకేస్తారు. ఆ గడ్డి ఏ గొడ్డూ మేయదు. మిషనుతో కోసి సంచుల్లో కట్టి బయట పెడితే బండి వచ్చి పట్టుకుపోతుంది. మన గేదెలకి ఈ సంగతి తెలియనివ్వకు. మా వాకిలికీ హెలెన్‌గారి వాకిలికీ మధ్య కంచె లేదు, రెండూ కలిసి ఒకటే లాన్. మా వైపు నేల కొంచెం మెరక, ఆవిడ వైపు పల్లం. ఈ ముక్క కూడా గుర్తుంచుకో.

ఏప్రిల్ దాకా మంచే. తరవాత ఒక్క వారంలో నేలంతా పచ్చబడింది. మే నెలలో ఒక ఉదయం తలుపు తీసేసరికి లాన్ నిండా పసుపుపచ్చని పూలు. చిన్న చామంతుల్లా ఉన్నాయి. అన్ని నెలలు తెలుపు తప్ప మరో రంగు చూడని కళ్ళకి ఎలా ఉంటుందో నువ్వే ఊహించుకో. అమ్మవారికి పూలు లేక చలికాలమంతా అక్షింతలతో సరిపెట్టుకున్నాను. ఇప్పుడు తట్ట నిండా కోసి శుక్రవారం పూజ చేసుకున్నాను. పూలు పూయించి పంపారని హెలెన్‌గారి భర్తకి కూడా మనసులో దండం పెట్టుకున్నాను. మీ బావగారు గడ్డి కోయడానికి మిషను తీస్తే నేనే ఆపాను. ఏవండీ, పూలున్నన్నాళ్ళు ఉండనివ్వండి, ఎవరికి అడ్డం అన్నాను. ఆయన సంతోషంగా మిషను లోపల పెట్టేశారు. పని తప్పించే మాట ఆయనకి ఎప్పుడూ బాగానే వినపడుతుంది.

పది రోజులు తిరక్కుండా ఆ పూలన్నీ తెల్లటి దూదిబంతులయ్యాయి. జిల్లేడు గింజలు ఎగిరినట్టు, గాలి వీచినప్పుడల్లా దూది లేచి నేరుగా హెలెన్‌గారి వైపు పోయింది. వీధిలో వాళ్ళు మా వాకిలి చూసి తల తిప్పుకుని వెళ్ళేవారు. ఎందుకో నాకు తెలియలేదు. చివరికి హెలెన్‌గారే వచ్చారు. కోప్పడలేదు. వీటిని డాండిలయన్ అంటారని, లాన్‌కి ఇంతకన్నా పెద్ద కలుపు లేదని, దూది కట్టకముందే తీయాలని చెప్పారు. దేవుడికి పెట్టానని చెప్పాను. ఆవిడ, మా ఆయన వింటే ఏమనేవారో అని నవ్వేశారు. వెళ్ళేటప్పుడు మాత్రం, జూన్ నెలాఖరుకి తన కొడుకు రాబర్ట్ వస్తాడని, లాన్ విషయంలో అతను తండ్రి పోలికేనని చెప్పి వెళ్ళారు.

నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. వరిచేలో పుట్టి పెరిగినదాన్ని, కలుపుని పూలనుకుని పూజ చేశాను. సరే, కలుపు తీయడం నాకొకరు నేర్పాలా అనుకుని ఆ సాయంత్రమే చీర దోపుకుని దిగాను. మన చేలో ఊదయినా తుంగయినా పిడికిట పట్టి లాగితే బురదలోంచి వేళ్ళతో సహా వచ్చేస్తుంది. ఇక్కడి నేల గట్టిది. డాండిలయన్ వేరు ముల్లంగి దుంపలా నిలువునా దిగి ఉంటుంది. లాగితే ఆకు చేతికొస్తుంది, వేరు లోపల తెగిపోతుంది. తెగినచోట తెల్లగా పాలు కారతాయి. నాకు అదంతా పట్టలేదు. వాకిలి శుభ్రంగా కనిపించింది, అంతే చాలనుకున్నాను. లేత ఆకులు తినొచ్చని హెలెన్‌గారు చెబితే కందిపప్పులో వేసి వండాను కూడా. మెంతికూరలా చేదు. మీ బావగారు పళ్ళెం ఖాళీ చేసి, రేపు కూడా ఇదేనా అని మాత్రం అడిగారు.

రెండు వారాలకి తెగిన ప్రతి వేరునుంచీ రెండేసి మూడేసి తలలు లేచాయి. మొదట ఉన్నదానికన్నా ఎక్కువ. ఈ ఊళ్ళో ఇళ్ళ దగ్గర కలుపు మందు కొట్టనివ్వరు. ఏం చేయాలో పాలుపోక నీకు ఫోను చేశాను. నువ్వు ఏమన్నావో గుర్తుందా? గుర్తులేకపోతే వదినగారు మళ్ళీ చదువుతారు.

"అమ్మాయ్, కలుపుకి నీళ్ళకి మించిన మందు లేదు. చుట్టూ గట్టేసి నాలుగంగుళాల నీళ్ళు నిలగట్టు. వారం తిరిగేసరికి కుళ్ళి ఊరుకుంటుంది."

నాన్నగారు కూడా అదే చెప్పేవారు. చేలో నీళ్ళు నిలిస్తే కలుపు తల ఎత్తదని మనం ఎన్నిసార్లు వినలేదు? వరి నీళ్ళలో బతుకుతుంది, ఈ గడ్డి బతకదు అన్న సంగతి నీకూ తట్టలేదు, నాకూ తట్టలేదు, మిల్లులో పాతికేళ్ళు ధాన్యం చూసిన మీ బావగారికీ తట్టలేదు. ముగ్గురం ముగ్గురమే.

ఆ శనివారం హెలెన్‌గారు పక్క ఊళ్ళో ఉన్న చెల్లెలి ఇంటికి వెళ్ళారు. తిరిగొచ్చేసరికి కలుపు పని పట్టి ఆవిడని ఆశ్చర్యపరచాలనుకున్నాం. ఇంటి వెనకాల పాత మట్టిగుట్ట ఒకటి ఉంటే దాన్ని బకెట్లతో మోసి మా లాన్ చుట్టూ గట్టు కట్టాం. ఎంత బాగా కట్టామో! పారతో కొట్టి నునుపు చేసి, మూలలు గుండ్రంగా తిప్పాం. తోటపైపు పెట్టి నీళ్ళు వదిలితే సాయంత్రానికి నిండింది. మీ బావగారూ నేనూ మెట్లమీద కూర్చుని ఆ నీళ్ళు చూస్తూ టీ తాగాం. ఆకాశం అందులో కనిపిస్తోంది. ఇక్కడికి వచ్చాక నాకు మన చేను కనిపించింది ఆ ఒక్క పూటే. వీధిలో వెళ్ళేవాళ్ళు నిలబడి చూస్తుంటే, మన పనితనం చూస్తున్నారనుకుని నేను చెయ్యి కూడా ఊపాను.

మర్నాడు ఆదివారం గుడికి వెళ్ళాలని ముందే అనుకున్నాం. గుడి కారులో రెండు గంటల దూరం. ఇంకిపోయే నీటికి సరిపోతుందని పైపు సన్నగా వదిలి వెళ్ళాం. సాయంత్రం తిరిగి వచ్చేసరికి గట్టు తెగి ఉంది. తెగింది నేను కట్టిన వైపు కాదు, మీ బావగారు కట్టిన వైపు. ఈ మాట ఆయన రాయొద్దన్నారు, అందుకే రాస్తున్నాను. నీళ్ళన్నీ పల్లానికి, అంటే హెలెన్‌గారి వైపుకి పోయాయి. ఇక్కడి ఇళ్ళకి నేల కింద బేస్‌మెంటు అని ఒక గది ఉంటుంది. దానికి నేలని ఆనుకుని చిన్న కిటికీ. ఆ కిటికీ సందులోంచి నీళ్ళు ఆవిడ బేస్‌మెంటులోకి దిగాయి. మేం కారు దిగేసరికి హెలెన్‌గారు చెప్పులు చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఆవిడ పాదాలు తడిసి ఉన్నాయి.

మీ బావగారు గుడి బట్టలతోనే పరుగెత్తి పైపు కట్టేసి, బేస్‌మెంటులోకి దిగారు. చీలమండల్లోతు నీళ్ళు. హెలెన్‌గారి భర్త వస్తువులన్నీ అక్కడే ఉన్నాయి. చెక్కపని సామాను, పుస్తకాల పెట్టెలు, కుట్టిన దుప్పట్లు, ఫోటోల ఆల్బములు. ఆవిడ పై మెట్టుమీద కూర్చుని చూస్తున్నారు. తిట్టినా బాగుండేది. నేను దగ్గరికి వెళ్ళి క్షమించమని అడిగాను, ఇంగ్లీషు సగంలో మరిచిపోయి తెలుగులో అడిగాను. ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు గానీ మొహం నావైపు తిప్పలేదు.

మర్నాడు రాబర్ట్ వచ్చాడు. నాలుగు గంటల దూరం నుంచి కారు నడుపుకుంటూ వచ్చాడు. ఎత్తు మనిషి, మాట మెత్తన. గట్టు చూశాడు, కిటికీ చూశాడు, కింద గది చూశాడు. నీళ్ళు ఎందుకు పెట్టారని అడిగితే మీ బావగారు వరిచేను సంగతంతా చెప్పారు. అతను ఓపిగ్గా విన్నాడు. విని, "అమ్మ మిమ్మల్ని ఏమీ అనదు. అందుకే నేను అనాల్సి వస్తోంది. ఆవిడ పక్కన ఎవరుండాలో చూసుకోవాల్సిన బాధ్యత నాది. నెలాఖరుకి మీ గడువు అయిపోతుంది, అప్పుడు వచ్చి చెబుతాను" అన్నాడు. అతని తప్పేమీ లేదు అన్నయ్యా. నువ్వయినా అదే అంటావు. కానీ ఆ రోజంతా నేను స్రవంతి మొహం చూడలేకపోయాను.

నీళ్ళొచ్చిన ఇంటిని ఆరబెట్టడం మాత్రం మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. కలిదిండిలో అక్క ఇంట్లోకి కొల్లేరు నీళ్ళు వచ్చిన ఏడు మనం వెళ్ళి ఎలా సర్దామో అలాగే మొదలుపెట్టాం. నీళ్ళు తోడి, కింద గదిలో వస్తువులన్నీ పైకి మోసి, చెట్టుకీ వరండా స్తంభానికీ తాళ్ళు కట్టి దుప్పట్లు ఆరేశాం. పనిముట్లకి తుడిచి నూనె రాశాం. ఫోటోలు ఒకదానికొకటి అంటుకుపోయాయి. రాబర్ట్ భార్య ఫోన్లో అవి ఇంక పారేయడమే అందట. నేను ఒప్పుకోలేదు. అక్క పెళ్ళి ఫోటోలు బతికించుకున్న పద్ధతి ఉంది కదా. మంచినీళ్ళ పళ్ళెంలో నానబెట్టి, మెల్లగా విడదీసి, నా నేత చీరలు నేలమీద పరిచి, ఎండ తగలకుండా నీడలో ఒక్కొక్కటీ ఆరబెట్టాను. వారం రోజులు మా ముందుగదిలో నడవడానికి చోటు లేదు. ఎటు చూసినా హెలెన్‌గారి చుట్టాలే.

రెండోరోజునుంచి హెలెన్‌గారు కూడా వచ్చి నా పక్కన కూర్చోవడం మొదలుపెట్టారు. ఒక్కో ఫోటో విడివడగానే ఇది ఫలానా అని చెప్పేవారు. ఇది మా పెళ్ళి, ఇది రాబర్ట్ మొదటి సైకిలు, ఇది ఈ ఇల్లు కడుతున్నప్పుడు. ఒకదాంట్లో వాళ్ళాయన మోకాళ్ళమీద కూర్చుని గడ్డిలోంచి ఏదో పీకుతున్నారు. ఆవిడ దాన్ని చాలాసేపు పట్టుకుని, "ఆయన పోయాక నేను ఆ కింద గదికి వెళ్ళలేదు పద్మా. వెళ్ళాలంటే భయమేసేది" అన్నారు. నేను లేచి కాఫీ కలిపి ఇచ్చాను. మన కాఫీ ఆవిడకి నచ్చింది. అప్పటినుంచి పదకొండు గంటలకి ఇద్దరికీ గ్లాసులు పెట్టడం అలవాటయింది. ఇక్కడికి వచ్చాక పగటిపూట నాతో మాట్లాడే మనిషి దొరకడం అదే మొదలు. తప్పు చేసిన ఇంట్లోనే నాకు తోడు దొరికింది, దేవుడి రుణం ఎన్ని దండాలు పెట్టినా తీరదు.

ఆ సామానులోనే ఒక పొడుగాటి కర్ర కనిపించింది. చివర రెండుగా చీలిన ఇనుప ములుకు, పక్కన కాలు వేసి తొక్కడానికి చిన్న పలక. హెలెన్‌గారు దాన్ని చూడగానే లేచి లాన్‌లోకి నడిచారు. మొక్క పక్కన ములుకు నిలువుగా దింపి, కాలితో తొక్కి, కర్ర వెనక్కి వంచితే వేరు మొత్తం పైకి లేచింది. జానెడు పొడుగు, చివర దారంలా సన్నం, ఎక్కడా తెగలేదు. వాన పడిన మర్నాడే తీయాలని, నేల మెత్తబడితేనే వేరు వదులుతుందని ఆవిడ చెప్పారు. మా నేల అప్పటికి బాగా నానే ఉంది కదా! కాబట్టి నీ సలహా పూర్తిగా వృథా కాలేదు అన్నయ్యా. ఇంత పొగడ్త చాలనుకో, దీన్ని పట్టుకుని పంచాయతీ అరుగుమీద చెప్పకు. ఆవిడా నేనూ మార్చి మార్చి తొక్కుతూ ఆ వారమంతా తీశాం. ఆవిడకి ఆయాసం వస్తే కుర్చీ వేసి కూర్చోబెట్టేదాన్ని. కూర్చుని కూడా, అదిగో అక్కడ ఒకటి వదిలేశావు అని కర్ర ఊపేవారు. గడ్డి మరీ పొట్టిగా కోయకూడదని, ఎత్తుగా ఒత్తుగా ఉంటే ఈ కలుపు గింజకి ఎండ తగలక మొలవదని కూడా అప్పుడే చెప్పారు. అది మన చేలో పైరు కమ్ముకోవడం లాంటిదే, వెంటనే అర్థమయింది.

గట్టు మట్టి తీసేసి చూస్తే, దాని కిందా, నీళ్ళు ఇంకక నిలిచిన గుంటల్లోనూ గడ్డి పసుపు తిరిగి చచ్చిపోయింది. అక్కడ మళ్ళీ విత్తనం చల్లాలి. దుకాణంలో గడ్డి విత్తనం సంచుల్లో అమ్ముతారు. పొడి విత్తనం చల్లితే మొలవడానికి వారం రెండు వారాలు పడుతుందని సంచిమీద ఉంది. నెలాఖరు దగ్గర పడుతోంది. నేను మన నారుమడికి కట్టినట్టే మండె కట్టాను. విత్తనం నానబోసి, తడిగుడ్డలో మూటకట్టి, వంటింట్లో వెచ్చగా పెట్టి, తెల్లగా మొలక పొడచూపగానే చల్లాను. పైన పల్చగా మట్టి వేసి, పొద్దునా సాయంత్రం చేత్తోనే నీళ్ళు చిలకరించాను. గట్టు మాత్రం కట్టలేదు. హెలెన్‌గారు ఆ మూట విప్పి వాసన చూసి, మొలకలు వేలితో నిమిరి, ఇలా చేస్తారని తెలిస్తే మా ఆయన మీ ఊరు వచ్చేవారు అన్నారు. నెలాఖరుకి పచ్చటి నూగులా వచ్చింది. అక్కడక్కడా మచ్చలున్నాయి. డాండిలయన్లు కూడా పూర్తిగా పోలేదు, ఒకేడాదిలో పోవట. దగ్గరికి వెళ్ళి చూస్తే పది పన్నెండు కనిపిస్తాయి.

కిందటి ఆదివారం రాబర్ట్ వచ్చాడు. ముందురోజే నేను గిన్నెలు కొన్ని పెట్టెలో సర్దేశాను. పొమ్మంటే బతిమాలకూడదని, ఆవిడ చేసిన మేలుకి దండం పెట్టి గౌరవంగా వెళ్ళిపోవాలని మీ బావగారూ నేనూ అనుకున్నాం. స్రవంతికి చెప్పలేదు. అతను లాన్ చివరదాకా నడిచి, ఒక్కసారి వంగి గడ్డి తాకి చూసి, తల్లి ఇంట్లోకి వెళ్ళాడు. గంట దాటినా బయటికి రాలేదు. నేను ఇంటి తాళం చెవి చేత్తో పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాను.

వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. తల్లి ఫోటోలన్నీ చూపించిందట. మీ బావగారు ముందుకెళ్ళి, మీరు ఎప్పుడంటే అప్పుడు ఖాళీ చేస్తామండీ అన్నారు. కంగారులో తెలుగులోనే అన్నారు, తరవాత ఇంగ్లీషులో చెప్పారు. నేను చెయ్యి చాచి తాళం చెవి ఇవ్వబోయాను. రాబర్ట్ దాన్ని తీసుకోలేదు. జేబులోంచి ఇంకో తాళం చెవి తీసి నా అరచేతిలో, మా దాని పక్కన పెట్టాడు.

"ఇది అమ్మ ఇంటిది. నేను దూరంగా ఉంటాను. రోజుకోసారి తలుపు కొట్టండి. తీయకపోతే దీంతో తీసి వెళ్ళండి" అన్నాడు.

మీ బావగారు అతని రెండు చేతులూ పట్టుకుని వదల్లేదు. హెలెన్‌గారు వాళ్ళ గుమ్మంలోంచి, ఇంక కాఫీ పెట్టమని నాకు సైగ చేశారు. లోపలికి వెళ్ళి పొయ్యి దగ్గర నిలబడి కడుపారా ఏడ్చాను. ఈ ఊళ్ళో మన గురించి చెప్పేవాళ్ళెవరని అడిగిన రోజులు గుర్తొచ్చాయి. ఇల్లు మాకు ఉంది అన్నయ్యా. స్రవంతి బడి మారదు. సర్దిన గిన్నెలు మళ్ళీ అలమారలో పెట్టేశాను.

నువ్వు చెప్పిన సలహాకి కోపం లేదు, నిజంగానే లేదు. చలికాలం మంచు గురించి మాత్రం నీ సలహా అడగను. ఆగస్టులో గూడెం నుంచి మిల్లుకి ఇంకొకాయన వస్తున్నారు, ఆయన చేత వదినగారు చల్ల మిరపకాయలు, కందిపొడి పంపితే ఎంతో సంతోషిస్తాను. హెలెన్‌గారికి కందిపొడి రుచి చూపిస్తానని మాటిచ్చాను. నాట్లు మొదలైన రోజు ఒక ఫోటో తీసి పంపు, నీళ్ళు నిలిచిన చేను ఎలా ఉంటుందో ఆవిడకి చూపించాలి. పెద్దనాన్నగారికి మా ముగ్గురి పాదాభివందనాలు. కలిదిండి అక్కకి, ఫోటోలు బతికించింది తన పద్ధతేనని తప్పకుండా చెప్పు. ఎదురుగా ఉంటే కాళ్ళకి దండం పెట్టేదాన్ని. మీ అందరి ఆశీస్సులు మాకు ఉన్నాయనే నమ్మకంతోనే ఇక్కడ రోజులు గడుస్తున్నాయి. మేం బాగున్నాం, మళ్ళీ చెబుతున్నాను, చాలా బాగున్నాం.

ఇక ఉంటాను. సాయంత్రం అవుతోంది, హెలెన్‌గారి తలుపు కొట్టి రావాలి.

నీ చెల్లెలు,
పద్మ